ఒక్క చుట్టు దారం

తోతాపురి మామిడికాయల కాలంలో బంగారుపాళ్యం రోడ్డు పక్కన రెండు ఆగకుండా కారుతుంటాయి. ఒకటి గుజ్జు ఫ్యాక్టరీ గొట్టాల్లో రసం, రెండోది ఇలియాస్ టీ బంకు ముందు కాశిం సాహెబ్ నోట్లో కోతలు. రసానికైతే డ్రమ్ము నిండగానే మూత బిగిస్తారు. సాహెబ్‌కి డెబ్బై అయిదేళ్లు నిండినా ఆ సైజు మూత ఎవరికీ దొరకలేదు.

ఆయన దర్జీ. బంకు పందిరి కిందే ఆయన కుట్టుమిషను. కాయల ట్రాక్టర్ల మీద కప్పే పట్టలు చినిగితే ఆయన దగ్గరికే రావాలి. ఫ్యాక్టరీ గేటు నుంచి ట్రాక్టర్ల వరస కిలోమీటరు పొడుగు ఉంటుంది, వంతు రావడానికి రెండు రోజులు పడుతుంది. కోతలరాయుడికి అంతకంటే ఏం కావాలి? వినేవాళ్లు లేచి పోలేరు. పోతే వంతు పోతుంది.

ఆ మధ్యాహ్నం ఆయన మిషను ముందుకు మోహన వచ్చి నిలబడింది. కార్వేటినగరం నుంచి కాయలు తెచ్చిన మనిషి, యాభై మూడేళ్లుంటాయి. తోట తానే చేసుకుంటుంది, దళారీని తానే తిట్టుకుంటుంది, ఎండలో రెండు రోజులుగా ఉన్నా నీడ ఇమ్మని ఎవర్నీ అడగని రకం. ఆమె వెనకే ట్రాక్టరు నడిపే మురుగేష్, నవ్వడానికి ముందే సిద్ధమై వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"సాహెబ్, మీరు డెబ్బై ఒకటో సంవత్సరం యుద్ధంలో విమానాల కాడ ఉన్నారంట. మా మురుగేష్ చెప్పినాడు."

"ఉన్నారంటనా? ఆ యుద్ధం గెలిచిందెవరనుకుంటా ఉండావమ్మా?"

మోహన నవ్వలేదు.

"మా నాయన పేరు గిరిప్రసాద్. యుద్ధ విమానం నడిపేవాడు. ఆ డిసెంబరులో పైకి పోయినోడు మళ్లా రాలేదు. నేను ఆ తర్వాత నాలుగు నెలలకి పుట్టినా. విమానం కూలింది, మనిషి ఆచూకీ లేదు అని మా అమ్మకు ఒక కాగితం వచ్చింది. ఆ ఒక్క కాగితాన్ని పట్టుకోని ఆమె బొట్టు తీయకుండా యాభై మూడేండ్లు బతికింది. మొన్న ఉగాది ముందర పోయింది. పోయే ముందు గూడా ఒకటే మాట, పారాచూటు తెరుచుకునిందా లేదా అని. మీకేమన్నా తెలుసునా?"

పెడలు మీద కాశిం సాహెబ్ కాలు ఆగింది. సూది పట్టలో దిగి అట్లాగే నిలిచిపోయింది. ఆయన కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. ఆ తర్వాత మామూలు కంటే రెండింతలు గొంతు పెంచాడు.

"తెలుసునా అంటావేందమ్మా! నాకు తెలీక ఇంకెవరికి తెలుస్తాది? కూర్చో. ఒరే ఇలియాస్, అమ్మకు టీ ఇయ్యి. అంతా చెప్తా. కాకపోతే మొదట్నించి చెప్తే గానీ అర్థం గాదు.

"ఉన్నదున్నట్టు చెప్తా, మొదట్లో నేనేం పెద్ద మొనగాణ్ణి గాదు. పంజాబులో మా క్యాంపు. మావి నాట్ విమానాలు. బుడ్డవి. ఎంత బుడ్డవంటే వాటిని ఎక్కేది గాదు, చొక్కా మాదిరి తొడుక్కోవాల. భుజాల కాడ రవంత బిగుతు. నాకైతే చంక కింద అర అంగుళం విప్పినారు. మొట్టమొదటిసారి పోయినప్పుడు నేను చేసిందల్లా ఒకటే. దిగేటప్పుడు ఒక చక్రం పగిలిపోతే, రెండో చక్రం మీదనే దించేసినా. అంతే. దాన్ని నేను గొప్పగా చెప్పుకోను. సైకిలు వచ్చిన ప్రతివాడూ చేసే పనే."

"ఒక చక్రం మీద సైకిలు ఎవరు తొక్కుతారు చాచా?" అన్నాడు ఇలియాస్.

"సర్కసులో తొక్కరా? నోరు మూసుకోని అల్లం దంచు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు రెండు శత్రు విమానాలు నా మీదికి వచ్చినాయి. గుండు తగిలి ఎడమ రెక్క చినిగింది. మూరెడు చినిగింది. నిలువు చినుగైతే భయం లేదు, అడ్డ చినుగు. అడ్డ చినుగును వదిలిపెడితే గాలికి పోతానే ఉంటాది, కొస దాకా పోతాది. ఇంగ నేనేం జేయాల? స్టీరింగును దస్తీతో కట్టేసినా, నెత్తిన అద్దం తోసినా, రెక్క మీద బోర్లా పండుకోని చినుగు కుట్టేసినా."

"రెక్క రేకుది గదా తాతా?" మురుగేష్ అప్పుడే పొట్ట పట్టుకున్నాడు.

"రేకే. సూది మాత్రం దేంతో చేసిందిరా, దూదితోనా?"

"మిషను కుట్టా, చేతి కుట్టా?"

"చేతి కుట్టే అబ్బా. రెక్క మీద మిషను యాడ పడతాది? కానీ దూరం దూరంగా ఏసినా అనుకోవద్దండి. అంగుళానికి పన్నెండు. మా నాయన నేర్పిన లెక్క. పలమనేరులో మా నాయన అంగడికి పోయి ఎవర్నైనా అడగండి."

"మా నాయన ఆ దినం ఉన్నాడా?" అని అడిగింది మోహన.

"ఉన్నాడు తల్లీ, ఎందుకు లేడు? పక్క విమానంలోనే ఉన్నాడు. అద్దంలో నుంచి తొంగి సూసి, కాశిం, కుట్టు గట్టిగా ఏసినావా అని అడిగినాడు గూడా. వస్తా ఉండా, ఆయన కాడికే వస్తా ఉండా." ఆ మాటలు సాహెబ్ మురుగేష్‌ను చూస్తూ చెప్పాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ రెండిట్లో ఒకటి నా వెంట పడింది. వాడు నన్ను తరుముకుంటా ఢిల్లీ దాటించినాడు. నేను మలుపు తిప్పి వాణ్ణి తరుముకుంటా నాగపూరు దాటించినా. ఎవరు ఎవర్ని తరుముతా ఉండారో మా ఇద్దరికీ తెలీదు. తీరా కిందికి సూస్తే కాణిపాకం గోపురం!"

"పంజాబులో బయల్దేరి కాణిపాకమా!"

"విమానంరా అది. నీ ట్రాక్టరు అనుకున్నావా, రెండు దినాలు గేటు ముందర నిలబడేదానికి? వాణ్ణి నేరుగా మొగిలి ఘాటుకు తీసుకుపోయినా. మనకు ఆ మలుపులు తెలుసు, వానికేం తెలుసు? మొదటి మలుపు దాటినాడు. రెండోది ఎట్లనో దాటినాడు. మూడో మలుపులో ఎదురుగా ఉప్పు లారీ వచ్చింది. నేను హారను కొట్టి పక్కకు ఒదిగినా. వాడు తెలుగు బోర్డు సదవలేక నేరుగా పోయి కొండకు తగులుకున్నాడు."

ఇలియాస్ గరిటె గిన్నెలో వదిలేసి నవ్వాడు. పక్క ట్రాక్టర్లవాళ్లు కూడా వచ్చి పందిరి కింద దూరారు. జనం పెరిగేకొద్దీ సాహెబ్ వీపు నిటారయ్యింది.

"ఆడ సూస్తే పెట్రోలు అయిపోయింది. విమానాన్ని ఈ రోడ్డు మీదనే, ఇదో ఈ బంకు కాడనే దించినా. అప్పుడు బంకు లేదులే. కిరసనాయిలు స్టోరుకు పోయి ట్యాంకు నింపమన్నా."

"రేషను కార్డు అడగలేదా తాతా?"

"అడగకుండా ఉంటాడా? మా నాయన కార్డు సూపించినా. ఆ నెలంతా మా ఇంట్లో దీపం లేదు. దేశం కోసం ఆ మాత్రం సెయ్యకుంటే ఎట్లా? ఎగిరేటప్పుడు పలమనేరు మీదుగా పోయినా. మా నాయన అంగడి ముందర కూర్చోని కాజాలు తీస్తా ఉన్నాడు. రెక్క ఊపినా. తలెత్తి సూసి, ఒరే కాశిం, కాలరు గుండీ పెట్టుకో అని అరిచినాడు. అంత ఎత్తు నుంచి గూడా కనపడింది సూడు ఆయనకు, గుండీ లేదని!"

అందరూ నవ్వుతున్నారు. మోహన చేతిలో టీ మీద మీగడ కట్టింది. ఆమె గ్లాసును బెంచీ మీద పెట్టింది. చప్పుడయ్యేలా పెట్టింది.

"సాహెబ్. మా నాయన."

"చెప్తా ఉండా గదమ్మా!" ఆయన గొంతు ఒక్కసారిగా పెళుసుబారింది. ముందున్న పట్ట కొస పట్టుకుని ఒళ్లోకి లాక్కున్నాడు. "చెప్తా ఉండా. ఆ పొద్దు మంచు. ఎంత మంచంటే, చేతిలో సూది కనపడదు. సలికి చేతి ఏళ్లు కొయ్యలైపోయినాయి. మూడోసారి పైకి పోవాల ఆ పొద్దు. పోయినా. పోతానే పన్నెండు విమానాలు నన్ను సుట్టుకున్నాయి."

"ఇందాక రెండే అంటివే?"

"ఆ రెండోది పోయి సుట్టాలను పిలుచుకొచ్చింది. నువ్వు అడ్డం రావద్దబ్బా. తొమ్మిదింటిని కూల్చినా. పదోదాని కాడికొచ్చేసరికి గుండ్లు అయిపోయినాయి, కుడి బూటు ఇసిరికొట్టినా, అదీ పడింది. పదకొండోదానికి ఎడమ బూటు. పన్నెండోవాడు తెలివైనోడు, నాకు బూట్లు ఎన్నో లెక్క పెట్టుకున్నాడు. వెనకనుంచి వచ్చి కాల్చినాడు. మంట అంటుకునింది. ఇంగ దూకాల్సిందే. దూకినా."

ఇక్కడ సాహెబ్ గొంతు తగ్గింది. ఎవరూ తగ్గించమనలేదు.

"గొడుగంటామమ్మా మేము దాన్ని. పారాచూటు అనే మాట ఆఫీసర్లది. మొదట చేటంత చిన్న గొడుగు బయటికొస్తాది. అది గాలిని పట్టుకోని పెద్దదాన్ని లాగుతాది. ఇరవై నాలుగు తాళ్లు. ఒక్కోటి దాని మడతలో నుంచి ఇట్లా... ఇట్లా... ఇట్లా... ఒకదానికొకటి మెలి పడకుండా జారుకోని రావాల. వచ్చినాయి. ఇరవై నాలుగూ వచ్చినాయి. అప్పుడు బట్ట. కడాన ఒక సన్న దారం ఉంటాది తల్లీ, గొడుగు మూతిని పట్టుకోనుంటాది. అది తెగితేనే గొడుగు విచ్చుకుంటాది. తెగింది. టప్‌మని తెగింది. పైన విమానాలు, కింద ఫిరంగులు, అంత రొదలో గూడా ఆ దారం తెగిన సప్పుడు నాకు వినపడింది. అంతే, తెల్లంగా, పెండ్లి పందిరి మాదిరి నెత్తిమీద విచ్చుకునింది."

"ఎంతసేపు దిగినావు తాతా?"

"మూడు దినాలు. గాలి నన్ను దిగనియ్యలేదు. గోధుమ చేలల్లో ఆడోళ్లు రొట్టెలు పైకి ఇసిరితే పట్టుకోని తిన్నా. కొంగలు వచ్చి భుజం మీద కూర్చోని పోయినాయి. నాలుగో దినం కాళ్లు నేలకు తగిలినాయి. మన నేలే. నడుచుకుంటా క్యాంపుకు వచ్చినా. గేటు కాడ ఒకడు నిలబడి ఉన్నాడు. తిండి లేదు, నిద్ర లేదు, నా కోసం మూడు దినాలుగా ఆడనే నిలబడినోడు. పిచ్చి నాయాలు. వాణ్ణి కావిలించుకోని, ఏంరా, నేను రానని అనుకున్నావా అన్నా."

మురుగేష్ చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ కొట్టలేదు. మోహన లేచి నిలబడటం వాళ్లు చూశారు.

"సాహెబ్, నువ్వు ఒక్కసారి గూడా పైకి పోలేదు."

అప్పటిదాకా 'మీరు' అన్న నోరు అది. మురుగేష్ చప్పట్లు ఆపాడు.

"ఏమ్మా..."

"నలభై నిమిషాల్నుంచి వింటా ఉండా. ఢిల్లీ సూపిస్తివి, నాగపూరు సూపిస్తివి. పై నుంచి నేల ఎట్లుంటాదో ఒక్క మాట సెప్పలేదు. మబ్బు ఎట్లుంటాదో సెప్పలేదు. మొదటిసారి పైకి పోయినోడు ఆ సంగతి సెప్పకుండా ఉండగలడా? గొడుగు కాడికి వచ్చినాక మాత్రం నీ నోరు పనికిరాకుండా పోయి, నీ చేతులు మాట్లాడినాయి. సూసుకో."

ఆయన చూసుకున్నాడు. అందరూ చూశారు. ఒళ్లోని పట్ట సన్నటి పట్టీలాగా మడతలు మడతలుగా, అంచుకు అంచు తప్పకుండా, పేర్చినట్టు ఉంది. మాటల్లో పడి ఎప్పుడు మడిచాడో ఆయనకే తెలియదు.

"గాల్లో ఉండేవాడు మడతలు ఎయ్యడు సాహెబ్. కింద ఉండేవాడు ఏస్తాడు. మా నాయన గొడుగు మడిచిందెవరు?"

సాహెబ్ ఆ మడతల మీద చెయ్యి పెట్టాడు.

"నేనే," అన్నాడు.

మురుగేష్ బెంచీ మీద సర్దుకున్నాడు. ఇలియాస్ పొయ్యి సిమ్ములో పెట్టాడు.

"పొద్దున్నే వచ్చేవాడమ్మా మీ నాయన, మా గొడుగుల గదికి. అంత దూరంలో తెలుగు మాట్లాడేది మేం ఇద్దరమే. ఏం కాశిం, గట్టిగా కట్టినావా అనేవాడు. గట్టిగా కడితే సస్తావు సార్, తెగేటట్టు కట్టినా అనేవాణ్ణి. దినామూ అదే మాట, దినామూ నవ్వేవాడు. ఎందుకంటే ఆ సన్న దారం ఒక్క సుట్టే సుట్టాల. ఒక సుట్టు అయితే తెగతాది. రెండు సుట్లు అయితే తెగదు. పుస్తకంలో రాసినారు, గోడ మీద గూడా రాసినారు. కానీ నేను దర్జీ కొడుకుని. కొసకొచ్చినాక రెండో సుట్టు ఎయ్యకుంటే మా నాయన గజం బద్దతో ఏళ్ల మీద కొట్టేవాడు. ఒక సుట్టుతో వదిలేస్తే అది కుట్టే కాదు మాకు. ఆ దారం కాడికి వచ్చిన ప్రతిసారీ నా చెయ్యి దానంతట అది రెండోసారి తిరగబోయేది. నేను పట్టుకోని ఆపేవాణ్ణి.

"ఆ పొద్దు అప్పటికే రెండు రాత్రులు నిద్ర లేదు. సలికి ఏళ్లు నావి గావు. సారు వాకిట్లో నిలబడి తొందర పెడతా ఉన్నాడు. కట్టినా, ఇచ్చినా, కార్డు మీద సంతకం పెట్టినా. విమానం లేచినాక నా చేతుల పక్క సూసుకున్నా. ఒక సుట్టు సుట్టినానా, రెండు సుట్టినానా, గుర్తు రాలేదు. అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు.

"గొడుగుతో దిగొచ్చినోడు, మడిచినోడికి ఒక సీసా తెచ్చియ్యడం మా గదిలో ఆచారం. నేను తాగను గదా, నీకు జిలేబీ తెస్తాలే అని చెప్పి పోయినాడు. గేటు కాడ మూడు దినాలు నిలబడినా. మరుసటేడు ఖైదీలను వదిలిపెట్టినప్పుడు సెలవు పెట్టి సరిహద్దుకు పోయి నిలబడినా. ఒక్కొక్క పేరే సదివినారు. కడదాకా విన్నా."

"మరి ఈ కోతలన్నీ ఎందుకు చాచా?" ఇలియాస్ మెల్లగా అడిగాడు.

"నేను దూకితే అది తెరుచుకుంటాదిరా. ఇన్నిసార్లు చెప్పినా గదా, ఒక్కసారన్నా తెరుచుకోకుండా ఉండిందా?"

హైవే మీద లారీలు పోతున్నాయి. గేటు దగ్గర ఎవరో టోకెను నంబరు అరిచారు. మురుగేష్ లేవబోయి, మోహన మొహం చూసి మళ్లీ కూర్చున్నాడు.

"నేను వచ్చింది ఒక్క మాట కోసం," అంది మోహన. గొంతులో కోపమే ఉంది, కానీ అది ఎవరి మీదో ఆమెకే తెలిసినట్టు లేదు. "మా అమ్మ దినామూ సాయంత్రం ఆరుకల్లా తలదువ్వుకోని కూర్చునేది. ఎందుకమ్మా అంటే, ఆరు గంటల బస్సు ఉండాది గదా అనేది. ఆమెకు పోయి చెప్పేదానికి లేదు ఇప్పుడు. అయినా నాకు కావాల. ఇంతసేపు ఇన్ని కోసినావే సాహెబ్, ఈ ఒక్కటి కొయ్యలేవా? ఒక సుట్టే సుట్టినా అని ఒక్క మాట అనలేవా?"

"అనలేను తల్లీ." ఆయన తల ఎత్తలేదు. "ఎవరూ లేనప్పుడు గూడా అని సూసినా. ఇంట్లో నా పెండ్లాం మెహరాజ్ నిద్రపోయినాక గోడకు సెప్పి సూసినా. దీంట్లో నోరు రాదు."

మోహన ఆయన్ని ఎగాదిగా చూసింది. బంగారుపాళ్యం నుంచి పలమనేరు దాకా ఇంతటి అబద్ధాలకోరు లేడని పేరు పడిన మనిషి, అబద్ధం ఒక్కటి అరువిమ్మన్నా ఇవ్వలేక, మడిచిన పట్ట పట్టుకుని కూర్చున్నాడు. ఆమె బెంచీని కాలితో మిషను దగ్గరికి జరిపి, ఎదురుగా కూర్చుంది.

"అయితే నేను చెప్తా, విను. మంచు పడతా ఉంది. నీ ఏళ్లు కొయ్యలైపోయి ఉన్నాయి. దారం తీసినావు. మూతి కాడ ఒక సుట్టు సుట్టినావు. నీ చెయ్యి రెండో దానికి తిరగబోయింది."

సాహెబ్ కుడి చెయ్యి మడతల మీద నుంచి కొంచెం లేచింది.

"మా నాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు గదా. ఆయన సూసినాడు. కాశిం, సాలు, అన్నాడు. నువ్వు ఆపేసినావు. ముడేసి, తెంపి, ఆయన చేతికి ఇచ్చినావు. ఒక్క సుట్టే."

"అక్కా, నువ్వు అప్పటికి పుట్టనే లేదు గదా," అన్నాడు ఇలియాస్, నోరు ఊరుకోక.

"మా అమ్మ కడుపులో నుంచి సూసినా. నీకేమన్నా నొప్పా? పొయ్యి సూసుకో."

ఒక్కరూ నవ్వలేదు. గేటు దగ్గర ఆమె నంబరు రెండోసారి అరిచారు. ఆమె కదల్లేదు. కాశిం సాహెబ్ కళ్లద్దాల వెనకనుంచి ఆమె మొహాన్ని, అందులో ఏదో పోలిక వెతుకుతున్నట్టు, చాలాసేపు చూశాడు.

"గట్టిగా అన్నాడా?" అని అడిగాడు.

"నీకు వినపడేంత గట్టిగా అన్నాడు," అంది మోహన.